ఎండ్యూరెన్స్ మునిగాక 28 మంది ఎలా బతికారు? అదృష్టమా, నాయకత్వమా?

మీ ఆఫీసు ట్రైనింగ్‌లో ఎర్నెస్ట్ షాకిల్టన్ కథ చెప్పారని రాశారు. అంటార్కిటికా మంచులో ఆయన ఓడ ఎండ్యూరెన్స్ నలిగి మునిగిపోయినా 28 మందిలో ఒక్కరు కూడా చనిపోకుండా ఇంటికి తెచ్చాడన్నారట. అది నిజంగా నాయకత్వమేనా, లేక కాలం కలిసొచ్చిందా, అలాంటిది నేర్చుకుంటే వస్తుందా అన్నది మీ ప్రశ్న.

నేను మర్చంట్ నేవీలో 31 ఏళ్ళు పనిచేశాను. చివరి 13 ఏళ్ళు కెప్టెన్‌ని. క్యాడెట్‌గా ఉన్నప్పుడు మా చీఫ్ ఆఫీసర్ ఒకాయన రాత్రి వాచ్‌లో ఈ ప్రయాణం గురించి చెప్పాడు. అప్పట్నించీ ఆ మనుషుల డైరీలు, జ్ఞాపకాలు దొరికినవల్లా చదువుతూనే ఉన్నాను. అందుకని కొంచెం పొడుగ్గానే చెబుతాను.

అదృష్టమూ ఉంది, నాయకత్వమూ ఉంది. అయితే షాకిల్టన్ గొప్పతనం నాకు తుఫానులో కంటే ఏమీ జరగని రోజుల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. మనుషులు చేతులు ముడుచుకుని నెలల తరబడి ఎదురుచూడాల్సిన రోజులవి. ఇంకో మాట. ఆ గొప్పతనం ఆయన కంటిచూపు ఆనినంత మేరే పనిచేసింది. చూపు ఆనని చోట ముగ్గురు చనిపోయారు. ‘ఒక్కరు కూడా చనిపోలేదు’ అన్నది సగమే నిజం. ఆ మిగతా సగం చివర్లో చెప్తాను.

ట్రైనింగుల్లో తరచూ చూపించే ఒక పేపర్ ప్రకటన ఉంటుంది. ‘ప్రమాదకర ప్రయాణానికి మనుషులు కావలెను, జీతం తక్కువ, చలి ఎక్కువ, తిరిగొచ్చేది అనుమానం’ అనే ధోరణిలో. మీకూ చూపించి ఉంటే దాన్ని పక్కన పెట్టండి. ఆ ప్రకటన పడిన అసలు పత్రికను ఎంతమంది వెతికినా ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

జరిగింది ఇదీ. ఎండ్యూరెన్స్ 1914 డిసెంబర్ 5న సౌత్ జార్జియా ద్వీపం నుంచి బయల్దేరింది. అంటార్కిటికా ఖండాన్ని ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేల మీదుగా దాటాలన్నది లక్ష్యం. 1915 జనవరిలో, దిగాల్సిన తీరం ఇంకొక్క రోజు ప్రయాణం ఉందనగా, ఓడ వెడెల్ సముద్రపు మంచులో ఇరుక్కుపోయింది. తొమ్మిది నెలలకు పైగా ఆ మంచుతో పాటే కొట్టుకుపోయింది. అక్టోబర్ 27న షాకిల్టన్ అందర్నీ దిగిపొమ్మన్నాడు. నవంబర్ 21న ఓడ మునిగింది. తర్వాత దాదాపు ఐదు నెలలు మంచు పలకల మీద డేరాల్లో బతికారు. 1916 ఏప్రిల్ 9న మూడు పడవలెక్కి, ఏప్రిల్ 15న ఎలిఫెంట్ ద్వీపం చేరారు. గట్టి నేల మీద కాలు పెట్టి అప్పటికి 497 రోజులు. అక్కణ్ణించి ఆరుగురు ఒక పడవలో సాయం కోసం సౌత్ జార్జియాకి వెళ్ళారు. మిగతా 22 మంది ఆగస్టు 30 దాకా అక్కడే ఎదురుచూశారు.

ఈ మొత్తంలో పడవ ప్రయాణం 16 రోజులు, సౌత్ జార్జియా కొండలు దాటిన నడక 36 గంటలు. మిగతాదంతా ఎదురుచూపే. కథలు చెప్పేవాళ్ళు ఆ 16 రోజుల్ని గంట చెప్పి, ఆ నెలల్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నాకు ఆ నెలలే ముఖ్యం.

ఓడ వదిలాక, తలా రెండు పౌండ్ల సొంత సామాను మాత్రమే తీసుకోవాలని షాకిల్టన్ ఆజ్ఞ. అంటే కిలో కూడా లేదు. చెప్పి ఊరుకోలేదు. ముందు తన బంగారు సిగరెట్ పెట్టె, బంగారు నాణేలు తీసి అందరి ముందూ మంచులో పడేశాడు. అదే మనిషి, వాతావరణ శాస్త్రవేత్త హస్సీ వాయించే బాంజోని మాత్రం దగ్గరుండి పడవలో పెట్టించాడు. దాని బరువు 12 పౌండ్లు. అది మనసుకు మందు, మనకది కావాలి అన్నాడు.

తర్వాత పడక సంచులు. 28 మందికి బొచ్చు సంచులు 18 ఉన్నాయి, మిగతావి ఉన్నివి. బొచ్చువి బాగా వెచ్చన. చీట్లు వేశారు. విచిత్రంగా షాకిల్టన్‌కి, ఆయన కుడిభుజం ఫ్రాంక్ వైల్డ్‌కి, కెప్టెన్ వర్స్‌లీకి, ఇంకొందరు ఆఫీసర్లకి ఉన్ని సంచులే వచ్చాయి. కింది నావికులకు బొచ్చు సంచులు వచ్చాయి. చీట్లలో ఏదో మాయ ఉందని ఆ నావికుల్లోనే ఒకడైన బేక్‌వెల్ కనిపెట్టాడు. మాయ ఎవరి మేలుకో చూడండి. ఓడలో ఇరవై మంది ఉంటే కెప్టెన్ ఏం తింటున్నాడో, ఏ గదిలో ఏసీ పనిచేస్తోందో అందరికీ తెలుస్తుంది. కష్టం వచ్చిన రోజున మొదట అడిగే లెక్క అదే.

డేరాల పంపకం ఇంకా నచ్చుతుంది నాకు. మీరైతే ఏం చేస్తారు? తలనొప్పి మనుషుల్ని దూరంగా ఒక డేరాలో పడేసి, నమ్మకస్తుల్ని పక్కన పెట్టుకుంటారు. షాకిల్టన్ తిరగేసి చేశాడు. ఫొటోగ్రాఫర్ హర్లీకి కాస్త పొగడ్త కావాలి, తనను అడక్కుండా ఏదైనా తేలిస్తే చిన్నబుచ్చుకుంటాడు. ఆయన్ని తన డేరాలో పెట్టుకుని ప్రతిదానికీ సలహా అడిగేవాడు. అందరి నరాల మీదకీ ఎక్కే నావిగేటర్ హడ్సన్, నలుగురూ ఆటపట్టించే భౌతికశాస్త్రవేత్త జేమ్స్ కూడా ఆ డేరాలోనే. ముసురు పట్టే చోట తనే కూర్చున్నాడు. రోజుకి ఇరవై గంటలు ఒకే గుడ్డ కింద పడుకోవాల్సిన చోట ఒక్క మనిషి సణుగుడు మూడు రోజుల్లో ఐదు డేరాలకీ పాకుతుంది. తిండి కొరత కంటే అదే ముందు చంపుతుంది.

పాకడం ఒకసారి మొదలైంది కూడా. 1915 డిసెంబర్ చివర్లో పడవల్ని మంచు మీద ఈడ్చుకుంటూ పోతుంటే వడ్రంగి హ్యారీ మెక్‌నీష్ అడ్డం తిరిగాడు. ఓడ మునగడంతో మా ఒప్పందం కూడా తీరిపోయింది, నువ్వు చెబితే నేనెందుకు వినాలి అన్నాడు. ఇక్కడ సముద్రం పని చేసినవాడిగా ఒక మాట చెప్పాలి. అది ఊరికే పుట్టిన పొగరు కాదు. అప్పటి బ్రిటిష్ చట్టం ప్రకారం ఓడ మునిగిన రోజుతోనే నావికుడి జీతం ఆగిపోయేది. మునిగిన ఓడల నావికులకు రెండు నెలల దాకా పరిహారం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది 1920లో గానీ కాదు. కాబట్టి మెక్‌నీష్ అడిగిన ప్రశ్నకు కాళ్ళున్నాయి. షాకిల్టన్ అందర్నీ నిలబెట్టి ఒప్పంద పత్రం చదివాడు, జీతాలు రేవు చేరేదాకా నడుస్తాయన్నాడు, ఒప్పందం ప్రకారం ఇంకా నా ఆజ్ఞ కిందే ఉన్నారన్నాడు. గొడవ అక్కడితో ఆగింది.

ఆగింది గానీ మనసులో పోలేదు. సాయం కోసం ఆరుగురు వెళ్ళిన జేమ్స్ కెయిర్డ్ అనే 22 అడుగుల పడవ సముద్రానికి తట్టుకుందంటే అది మెక్‌నీష్ చేతి పని. పెట్టెల మూతలు, స్లెడ్జి (మంచు బండి) బద్దలు, గడ్డకట్టిన కాన్వాసు తప్ప ఏమీ లేకుండా దానికి పైకప్పు వేశాడు. దీపపు వత్తి, చిత్రకారుడి రంగులు, సీల్ రక్తం కలిపి సందులు పూడ్చాడు. తిరిగొచ్చాక, ధ్రువ యాత్రికులకిచ్చే పోలార్ మెడల్ షాకిల్టన్ ఇప్పించని నలుగురిలో ఆయన ఒకడు. షాకిల్టన్ మీద నాకెంత గౌరవమున్నా ఇది మాత్రం తప్పే. మెక్‌నీష్ ప్రాణంగా పెంచుకున్న పిల్లిని ఓడ మునిగే రోజుల్లో కాల్చేయించాడు. మెక్‌నీష్ దానికి జీవితాంతం క్షమించలేదు. 1930లో వెల్లింగ్టన్‌లో పేదరికంలో పోయాడు. ఇప్పుడు ఆయన సమాధి మీద ఆ పిల్లి కంచు బొమ్మ ఉంది.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. మంచు మీద ఉన్నప్పుడు సీళ్ళు దొరికిన రోజుల్లో ఇంకా మాంసం నిల్వ చేద్దామని కొందరన్నారు. షాకిల్టన్ ఒప్పుకోలేదు. నిల్వ పెడితే ‘ఇంకా చాలా కాలం ఇక్కడే ఉండబోతున్నాం’ అని మనుషులకు అర్థమై నీరుగారిపోతారని ఆయన భయం. తర్వాత సీళ్ళు కనపడక తిండి తగ్గించాల్సి వచ్చింది. నేనైతే మాంసం నిల్వ చేసేవాణ్ణి. ఆశ కోసం బియ్యం బస్తా వదులుకోకూడదు. అందుకే ఆయన ప్రతి నిర్ణయాన్నీ పాఠంగా చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది.

ఇప్పుడు పడవ గురించి. ఇది షాకిల్టన్ గొప్ప కంటే ఫ్రాంక్ వర్స్‌లీ గొప్ప. కొంచెం ఓపిక పట్టి చదవండి, ఎందుకంటే దీన్ని ‘ధైర్యం’ అని తేల్చేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

ఎలిఫెంట్ ద్వీపం నుంచి సౌత్ జార్జియా దాదాపు 1,300 కిలోమీటర్లు. ఫాక్‌ల్యాండ్స్ దీవులు దగ్గర, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ ఇంకా దగ్గర. కానీ ఆ సముద్రంలో గాలి ఎప్పుడూ పడమటి నుంచి వీస్తుంది. ఆ రెండింటికీ వెళ్ళాలంటే గాలికి ఎదురెళ్ళాలి. అందుకే దూరమైనా గాలి తోసే దిక్కున ఉన్న దీవిని ఎంచుకున్నారు. ఒక్క చిక్కు ఉంది. గురి తప్పి దీవిని దాటిపోతే వెనక్కి రావడం ఉండదు, ముందు ఆఫ్రికా దాకా నీళ్ళే.

సముద్రం మధ్యలో మన చోటు తెలుసుకోవడానికి సెక్స్‌టెంట్ అనే పరికరంతో సూర్యుడి ఎత్తు కొలుస్తాం. సూర్యుణ్ణి అద్దంలో కిందికి దించి సముద్రపు అంచుకు సరిగ్గా తాకించి కోణం చదవాలి. ఆ కోణంలో ఒక నిమిషం తేడా వస్తే సముద్రం మీద ఒక నాటికల్ మైలు తేడా. క్రోనోమీటర్, అంటే ఓడ గడియారం, నాలుగు సెకన్లు తప్పితే రేఖాంశంలో ఒక నిమిషం తప్పు. ట్రైనింగ్ రోజుల్లో నేను పెద్ద ఓడ బ్రిడ్జి మీద, నీళ్ళకి ఇరవై మీటర్ల పైన, నిలకడగా నిలబడి తీసిన కొలతలు మొదట్లో ఐదారు మైళ్ళు తప్పేవి. వర్స్‌లీ నీళ్ళకి మనిషెత్తు పైన ఉన్నాడు. పడవ పల్లంలో ఉంటే చుట్టూ నీటి గోడలే, సముద్రపు అంచు కనిపించదు. ఇద్దరు మనుషులు ఆయన్ని పట్టుకుంటే, పడవ అల శిఖరానికి లేచేదాకా ఆగి, ఆ ఒక్క క్షణంలో మబ్బుల వెనక మసగ్గా ఉన్న సూర్యుణ్ణి దించేవాడు. ఆయన కేకేయగానే షాకిల్టన్ గడియారం చూసి టైం రాసేవాడు. ఇంగ్లండ్‌లో 24 క్రోనోమీటర్లతో బయల్దేరితే అప్పటికి సరిగ్గా నడుస్తున్నది ఒక్కటి. లెక్కల పట్టికల పుస్తకం తడిసి పేజీలు అంటుకుపోతున్నాయి. 16 రోజుల్లో సూర్యుడు దొరికింది నాలుగుసార్లు.

చివర్లో వర్స్‌లీ షాకిల్టన్‌తో, మన చోటు పది మైళ్ళ లోపు ఫలానా అని చెప్పలేను అన్నాడు. ఈ మాట నాకు చాలా ఇష్టం. తనకు తెలియని లెక్కను తెలిసినట్టు చెప్పలేదు. సాయం దొరికే తిమింగలాల వేటగాళ్ళ స్టేషన్లు ద్వీపానికి తూర్పు వైపు ఉన్నాయి. అయినా వర్స్‌లీ లెక్కలో ఉన్న అనుమానాన్ని పట్టి, దాటిపోయే ప్రమాదం లేని పడమటి తీరానికే గురిపెట్టారు. తర్వాత కొండలెక్కి దాటాల్సి వస్తుందని తెలిసే. మే 10న కింగ్ హాకన్ అఖాతంలో దిగారు. 2022 మార్చిలో ఎండ్యూరెన్స్ శిథిలం 3,008 మీటర్ల లోతున దొరికినప్పుడు, అది వర్స్‌లీ 1915లో రాసిపెట్టుకున్న చోటికి దక్షిణంగా నాలుగు మైళ్ళ దూరంలోనే ఉంది. ఆ వార్త చదివిన రోజు నేను నా పాత సెక్స్‌టెంట్ పెట్టె తీసి తుడిచి మళ్ళీ పెట్టాను.

పడవలో షాకిల్టన్ చేసింది వేరే పని. నాలుగు గంటలకోసారి వేడి తిండి, రాత్రి వేడి పాలు తప్పకుండా ఇప్పించాడు. ఎవరైనా మరీ వణుకుతున్నట్టు కనిపిస్తే అందరికీ ఇంకోసారి వేడివేడిగా పోయమనేవాడు. ఆ ఒక్కడికే ఇస్తే తను నీరసించిపోయానని వాడికి తెలుస్తుంది, భయం పట్టుకుంటుంది. ఎవరి కోసమో చెప్పకుండా అందరికీ పోయించేవాడని వర్స్‌లీ రాశాడు. కొండలు దాటే నడకలో కూడా ఇలాంటిదే. వర్స్‌లీ, టామ్ క్రీన్ అనే ఇంకో నావికుడు కూర్చున్న చోటే నిద్రపోయారు. ముగ్గురూ నిద్రపోతే చలికి లేవరు. ఐదు నిమిషాలు ఆగి లేపి, అరగంట పడుకున్నారు పదండి అన్నాడు. నమ్మి, తేరుకుని నడిచారు.

అదృష్టం ఎక్కడంటే ఇక్కడే ఉంది. మంచు ఉత్తరానికి కొట్టుకుపోవడం అదృష్టం. ఆ పడవ మే 9న హరికేన్‌లో రాళ్ళకి కొట్టుకోకపోవడం అదృష్టం. ఏ నాయకుడూ వీటికి బాధ్యుడు కాడు. కానీ అదృష్టం వచ్చే వేళకి మనుషులు బతికి ఉండాలి కదా. ఆ పని మాత్రం మనుషులది.

అందుకే నా దృష్టిలో ఈ కథలో అసలు హీరో ఫ్రాంక్ వైల్డ్. ఎలిఫెంట్ ద్వీపంలో ఇంకో 21 మందితో మిగిలిపోయాడు. రెండు పడవల్ని బోర్లించి, రాళ్ళ గోడల మీద పెట్టి, చుట్టూ డేరా గుడ్డ కట్టి అందులో ఉన్నారు. నిలబడే ఎత్తు లేదు. సీల్ కొవ్వు పొయ్యి మసి గొంతులోకి పోయేది. సార్డీన్ డబ్బాల్లో గాయాల కట్టు గుడ్డ వత్తిగా వేసి దీపాలు పెట్టుకున్నారు. అందరికంటే చిన్నవాడు, దొంగతనంగా ఓడెక్కి వచ్చిన బ్లాక్‌బరో, కాలి వేళ్ళు చలికి కుళ్ళితే జూన్ 15న ఆ చీకటి గుడిసెలోనే డాక్టర్లు మాక్లిన్, మెకిల్రాయ్ క్లోరోఫాం ఇచ్చి తీసేశారు. పెంగ్విన్ తోళ్ళు మండించి గుడిసె వేడి చేశారు.

ప్రతి పొద్దున వైల్డ్ ఒకే మాట: ‘పక్కలు చుట్టండి, బాస్ ఇవాళ రావచ్చు’. బాస్ అంటే షాకిల్టన్. రోజూ అదే. సముద్రం మంచు కట్టి ఓడ వచ్చే వీల్లేదని కళ్ళకు కనిపిస్తున్న రోజుల్లోనూ అదే. శనివారం సాయంత్రం హస్సీ బాంజో, పాటలు. రాత్రిళ్ళు చిత్రకారుడు మార్స్టన్ దగ్గరున్న చిన్న వంటల పుస్తకం చదివించుకుని, ఈ వంటకు ఇంకొంచెం వెన్న వెయ్యాలని, దాన్ని అలా కాదు ఇలా కాల్చాలని వాదించుకునేవాళ్ళు.

ఆ పొద్దుటి మాట విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. 2020లో కరోనా వల్ల ప్రపంచం మొత్తం మీద దాదాపు 4 లక్షల మంది నావికులు కాంట్రాక్టు అయిపోయినా ఓడల్లోనే ఉండిపోయారు. మా సరుకు ఓడ కూడా ఒక రేవు బయట లంగరు వేసి ఉంది, 21 మందిమి. కొందరికి పదమూడో నెల. నేల కనిపిస్తుంది, దిగే వీల్లేదు. కంపెనీ ఆఫీసు నుంచి ఫలానా తారీఖు రిలీఫ్ వస్తుందని మెసేజ్ వచ్చింది. నేను సంతోషం పట్టలేక మెస్‌లో అందరికీ ఆ తారీఖు చెప్పేశాను. కుర్రాళ్ళు బ్యాగులు సర్దుకున్నారు, ఇళ్ళకు ఫోన్లు చేశారు. ఆ తారీఖు రద్దయింది. నాలుగు రోజులు మెస్‌లో చెంచాల చప్పుడు తప్ప మాట లేదు. ఇంజన్ రూంలో పనిచేసే ఒక ఆయిలర్ భోజనానికి రావడం మానేసి క్యాబిన్‌లో పడుకున్నాడు. వాళ్ళమ్మతో తారీఖు చెప్పాడట, ఆవిడ పక్కింటివాళ్ళందరికీ చెప్పిందట.

అప్పుడు వైల్డ్ మాట గుర్తొచ్చింది. ఆయన ఎప్పుడూ తారీఖు చెప్పలేదు. ‘వచ్చే శుక్రవారం వస్తాడు’ అంటే శుక్రవారం దాటగానే ఆ మాట చచ్చిపోతుంది, చెప్పినవాడి మీద నమ్మకమూ పోతుంది. ‘ఇవాళ రావచ్చు, సర్దుకోండి’ అంటే సాయంత్రానికి అబద్ధం కాదు, రేపు పొద్దున మళ్ళీ చెప్పుకోవచ్చు. పైగా చేతికి ఒక పని ఇస్తుంది. నేను ఆ రోజు నుంచి తారీఖులు మానేశాను. కంపెనీ మెసేజ్‌లు వచ్చినవి వచ్చినట్టు బోర్డు మీద పెట్టేవాణ్ణి, నా అంచనా కలపకుండా. ఆదివారం బిర్యానీ ఆగకుండా చూశాను. ఆ ఆయిలర్‌ని రోజూ నాతో పాటు డెక్ మీద రౌండ్‌కి తీసుకెళ్ళాను, తోడు కావాలని చెప్పి. ఇంకో తొమ్మిది వారాలకి దిగాం. టెన్షన్ తగ్గలేదు, కానీ మనిషి మనిషితో మాట్లాడుకున్నాడు.

వైల్డ్ లాంటివాడు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే అటు ఉత్తర ధ్రువం వైపు, దాదాపు అదే కాలంలో, కార్లుక్ ఓడ కథ చూడండి. 1913లో ఓడ మంచులో ఇరుక్కున్నాక యాత్ర నాయకుడు స్టెఫాన్సన్ వేటకని కొందరిని తీసుకుని దిగాడు, మళ్ళీ ఓడకి రాలేదు. 1914 జనవరిలో ఓడ మునిగింది. కెప్టెన్ బాబ్ బార్ట్‌లెట్ మిగతావాళ్ళను రాంగెల్ దీవికి చేర్చి, కటాక్టోవిక్ అనే ఇన్యూట్ యువకుడితో కలిసి స్లెడ్జి మీద సైబీరియాకి సాయం కోసం వెళ్ళాడు. షాకిల్టన్ పడవకి ఏమాత్రం తీసిపోని ప్రయాణం అది. కానీ దీవిలో వెనక మిగిలినవాళ్ళకు అందరూ వినే ఒక్క గొంతు లేదు. గుంపులుగా చీలిపోయారు, తిండి దగ్గర అనుమానాలు, ఒకడు తుపాకీ గాయంతో చనిపోయాడు. మంచు మీదా దీవుల్లోనూ కలిపి మొత్తం 11 మంది పోయారు. సాయానికి వెళ్ళినవాడు రెండు చోట్లా గట్టివాడే. తేడా వెనక ఉన్న శిబిరంలో ఉంది.

నేర్చుకుంటే వస్తుందా అన్నారు. షాకిల్టన్ అయితే నేర్చుకున్నాడు. 1909 జనవరి 9న దక్షిణ ధ్రువానికి 97 నాటికల్ మైళ్ళ దూరంలో నిలబడి వెనక్కి తిరిగాడు. ముందుకు వెళ్తే ధ్రువం దొరికేది, నలుగురిలో ఎవరూ తిరిగొచ్చేవారు కాదు. ఆ తిరుగు దారిలో ఆకలితో ఉన్న వైల్డ్‌కి తన వంతు బిస్కెట్ బలవంతంగా తినిపించాడు. వేల పౌండ్లిచ్చినా ఆ ఒక్క బిస్కెట్ కొనలేమని వైల్డ్ డైరీలో రాసుకున్నాడు. ఎలిఫెంట్ ద్వీపంలో రోజూ పొద్దున ‘బాస్ రావచ్చు’ అన్నది ఆ వైల్డే. ఆ నమ్మకం ఏడేళ్ళ కిందటి బిస్కెట్‌తో మొదలైంది. ఎండ్యూరెన్స్ పోయిన రోజున ‘ఓడా పోయింది, సామానూ పోయింది, ఇక ఇంటికెళ్దాం’ అని తేలిగ్గా అనగలిగాడంటే, లక్ష్యాన్ని వదులుకోవడం ఆయనకు అది మొదటిసారి కాదు.

ఇక చెప్పకుండా దాచిన సగం.

ఈ యాత్రకు రెండో ఓడ ఉంది, పేరు అరోరా. ఖండం అవతలి వైపు, రాస్ సముద్రంలో. షాకిల్టన్ దాటి వచ్చేటప్పుడు తినడానికి దారిలో తిండి నిల్వలు పెట్టడం వాళ్ళ పని. డబ్బు చాలక, హడావుడిగా, ఓడకి రిపేర్లు కూడా సరిగా లేకుండా పంపారు. 1915 మేలో తుఫాను ఆ ఓడని లంగరుతో సహా ఊడబెరికి సముద్రంలోకి తీసుకుపోయింది. ఒడ్డున పదిమంది మిగిలారు. బట్టలు, తిండి చాలా భాగం ఓడలోనే పోయాయి. స్కాట్ యాత్ర వదిలేసిన గుడిసెలో దొరికిన పాత కాన్వాసుతో బట్టలు కుట్టుకున్నారు. అయినా మేం నిల్వలు పెట్టకపోతే షాకిల్టన్ వాళ్ళు చనిపోతారు అనుకుని బయల్దేరారు. 1916 జనవరి 26 నాటికి మౌంట్ హోప్ దాకా వెళ్ళి చివరి నిల్వ పెట్టేశారు. ఎండ్యూరెన్స్ మునిగి అప్పటికి రెండు నెలలు. ఆ తిండి తినడానికి ఎవరూ రావడం లేదు. అది వాళ్ళకు తెలియదు, చెప్పే మార్గమూ లేదు.

తిరుగు దారిలో స్కర్వీతో (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) నడవలేకపోయిన స్పెన్సర్-స్మిత్‌ని వారాల తరబడి స్లెడ్జి మీద లాక్కొచ్చారు. గుడిసె రెండు రోజుల దూరంలో ఉండగా, మార్చి 9న చనిపోయాడు. ఆ బృంద నాయకుడు మాకింటోష్, హేవర్డ్ మే 8న, మిగతావాళ్ళు వద్దంటున్నా, పలచగా ఉన్న సముద్రపు మంచు మీద నడిచి వెళ్ళారు. తుఫాను వచ్చింది. మళ్ళీ కనపడలేదు.

జేమ్స్ కెయిర్డ్‌లో ఒకడు వణికితే చూసి అందరికీ పాలు పోయించిన మనిషి, అవతలి తీరంలో ఉన్నవాళ్ళకి సరైన ఓడనీ డబ్బునీ సమకూర్చలేదు. తన డేరాలో ఉన్నవాణ్ణి చూసినట్టు కాగితం మీద ఉన్నవాణ్ణి చూడలేకపోయాడు. మీ ట్రైనింగ్‌లో ఎవరైనా మళ్ళీ ఈ కథ చెబితే, రాస్ సముద్రం సంగతేమిటని అడగండి. మాకింటోష్, హేవర్డ్, స్పెన్సర్-స్మిత్ పేర్లు కూడా ఆ గదిలో వినిపించాలి.

1917 జనవరి 10న అరోరా మళ్ళీ అక్కడికి వచ్చింది. ఈసారి కెప్టెన్ జాన్ కింగ్ డేవిస్, షాకిల్టన్ ఓడలో ఉన్నాడు గానీ పెత్తనం ఆయనది కాదు. ఇద్దరిని వెంటబెట్టుకుని మంచు మీదకి దిగి, ఎదురొచ్చినవాళ్ళను ఎంతమంది ఉన్నారని అడిగాడు. ముగ్గురు లేరని చెప్పారు. చనిపోయినవాళ్ళు ఎంతమందో ఓడలో ఉన్న డేవిస్‌కి దూరం నుంచి తెలిసేందుకు ముందే ఒక గుర్తు అనుకుని ఉన్నారు. షాకిల్టన్, పక్కనున్న ఆ ఇద్దరూ మాట్లాడకుండా మంచు మీద పడుకున్నారు.